అరిగిపోయిన కారు తాళంచెవికి ఇంట్లోనే స్ప్రే రంగు వేసుకోవడం ఎలా?

కారు కొని నాలుగైదేళ్లయినా బండి చూడటానికి బాగానే ఉంటుంది, దాని తాళంచెవి మాత్రం పాతబడిపోతుంది. అంచుల దగ్గర నల్లపూత లేచి లోపలి ప్లాస్టిక్ బయటపడుతుంది, బొటనవేలు ఆనే చోట నునుపు పోయి మచ్చ కడుతుంది, కొన్నింటికైతే పైపూత మెత్తబడి తీగపాకంలా చేతికి అంటుకుంటుంది. దీనికి ఇంట్లోనే స్ప్రే డబ్బాతో రంగు వేసుకోవచ్చా, వేస్తే నిలుస్తుందా అని విజయవాడలోను, గుంటూరులోను తెలిసినవారు పదే పదే అడుగుతున్నారు కనుక, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

వేసుకోవచ్చు, నిలుస్తుంది కూడా. అయితే ఈ పనిలో రంగు చల్లడానికి పట్టేది పది నిమిషాలే. పాత పూతను, చేతి జిడ్డును వదిలించడానికి ఒక పూట పడుతుంది. గట్టిపడటానికి వారం పడుతుంది. శ్రద్ధంతా ఆ పది నిమిషాల మీద పెట్టి మిగిలినవాటిని హడావుడిగా ముగించినప్పుడే నెల తిరక్కుండా మళ్లీ పెచ్చులు లేస్తాయి. గేటుకు వేసిన రంగును ఎవరూ రోజంతా పట్టుకుని ఉండరు. తాళంచెవి మాత్రం చెమట చేతిలో నలుగుతుంది, జేబులో చిల్లరతోను ఇంటి తాళాలతోను రాసుకుంటుంది, ఎండలో నిలిపిన కారులో కాగుతుంది. అంత వాడకాన్ని తట్టుకోవాలంటే పునాది సరిగా ఉండాలి.

మీ తాళంచెవి రంగుకు పనికివస్తుందా?

ముందు దాన్ని వెలుగులో పెట్టి నిదానంగా చూడండి. గట్టి ప్లాస్టిక్ డొల్ల మీద పూత అరిగిపోయిందంటే అది ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. జిగటగా మారినది కూడా పనికివస్తుంది. చేతికి మెత్తగా తగలాలని కంపెనీలు వేసే పాలీయురెథేన్ పూత వేడికి, గాలిలోని తేమకు, చెమటకు కొన్నేళ్లలో విడిపోయి అలా జిగురుగా మారుతుంది. మన ప్రాంతపు ఉక్కపోతలో ఇది త్వరగానే జరుగుతుంది. ఆ జిగురు మొత్తం పోయేవరకు తీయగలిగితేనే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే జిగురు మీద వేసిన రంగు ఎన్నటికీ గట్టిపడదు.

రబ్బరు మీటలకు రంగు వేయకండి. మీట నొక్కినప్పుడల్లా రబ్బరు వంగుతుంది, రంగు వంగలేక పగులుతుంది. మెరిసే క్రోమ్ పట్టీ ఉంటే దానికీ వేయవద్దు, ఆ నునుపు మీద ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) సరిగా పట్టదు. టేపుతో కప్పి వదిలేయడమే మంచిది. తాళాల గుత్తి తగిలించే కొక్కెం విరిగినా, రెండు డొల్లలను పట్టి ఉంచే లోపలి పళ్లు విరిగినా, మీట రబ్బరు చిరిగి రంధ్రం పడినా రంగు వేసి ప్రయోజనం లేదు. అప్పుడు ఖాళీ డొల్ల కొత్తది కొని, పాతదానిలోని సర్క్యూటును, చిప్పును అందులోకి మార్పించుకోవాలి. తాళాలు చేసే దుకాణాలవారు ఈ పని చేస్తారు. డొల్లకు కొన్ని వందల రూపాయలే అవుతాయి గాని, కొత్త రిమోట్ తాళంచెవిని ప్రోగ్రామింగుతో కలిపి తీసుకుంటే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

రెండో తాళంచెవి మీ దగ్గర లేకపోతే ఈ పని ప్రస్తుతానికి ఆపండి. కనీసం వారం పాటు రంగు వేసిన తాళంచెవిని వాడకూడదు.

కావలసినవి

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 మి.లీ. సరిపోతుంది. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.
- వాటర్ పేపర్ (నీటిలో తడిపి రుద్దే ఉప్పుకాగితం): 400, 600, 800 నంబర్లు ఒక్కొక్క షీటు.
- ప్లాస్టిక్ ప్రైమర్ స్ప్రే. ఇనుముకు వేసే మామూలు ప్రైమర్ కాదు, డబ్బా మీద ప్లాస్టిక్‌కు అని రాసి ఉండాలి.
- రంగు స్ప్రే, దానికి సరిపడే క్లియర్ స్ప్రే (రంగు మీద వేసే పారదర్శకమైన పూత). రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి అయితే మంచిది.
- మాస్కింగ్ టేప్, కొత్త బ్లేడు, పాత బనియను గుడ్డ ముక్కలు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్.
- పనికిరాని ప్లాస్టిక్ కార్డు ఒకటి, మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి.
- చేతి తొడుగులు, కళ్లద్దాలు, రంగుల ఆవిరిని ఆపే కార్బన్ ఫిల్టరు మాస్కు.
- పెద్ద అట్టపెట్టె, చీపురుపుల్లలు.
- పాత టీవీ రిమోట్ బ్యాటరీ మూత. ఇది ఎందుకో తర్వాత చెబుతాను, దీన్ని మరిచిపోకండి.

ప్రైమరు, రంగు, క్లియరు మూడూ విజయవాడ ఆటోనగర్‌లోను, గుంటూరు ఆటోనగర్‌లోను కార్ల రంగులు అమ్మే దుకాణాల్లో ఒకేచోట దొరుకుతాయి. హార్డ్‌వేర్ దుకాణంలో ఇచ్చే సాధారణ ఎనామిల్ స్ప్రేలు గట్టిపడటానికి చాలా సమయం తీసుకుంటాయి; అవకాశముంటే త్వరగా ఆరే ఆక్రిలిక్ రకాన్నే అడగండి.

రంగు ఎంపికలో నా సలహా ఒక్కటే: మెరుపు తక్కువగా ఉండే నలుపు లేదా ముదురు బూడిదరంగు. తళతళలాడే నలుపు మీద ప్రతి గీతా, ప్రతి దుమ్ము రేణువూ కనిపిస్తుంది. వెండి, క్రోమ్ రంగుల స్ప్రేలలో లోహపు పొడి ఉంటుంది. తాళంచెవి కారుతో రేడియో తరంగాలతో మాట్లాడుతుంది కనుక, ఆ పొడి ఉన్న రంగును మందంగా వేస్తే రిమోట్ పనిచేసే దూరం తగ్గే అవకాశం ఉంది. లేనిపోని అనుమానం ఎందుకు, లోహపు పొడి లేని రంగే తీసుకోండి.

పని వరుస

1. ముందుగా కొలత తీసుకోండి. కారు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరంగా నడిచి, ఎన్ని అడుగుల వరకు తలుపులు లాక్ అవుతున్నాయో కాగితం మీద రాసుకోండి. ప్రతి మీటనూ నొక్కి చూడండి. రంగు వేశాక రిమోట్ సరిగా పనిచేయడం లేదనిపిస్తే, తప్పు రంగుదా, బ్యాటరీదా, బిగింపుదా అని తేల్చుకోవడానికి ఈ లెక్క ఒక్కటే ఆధారం. ఇంకా విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

2. జాగ్రత్తగా విప్పండి. బటన్ స్టార్ట్ కార్ల తాళంచెవిలో లోపల దాచిన చిన్న లోహపు తాళం ఉంటుంది. దాన్ని బయటికి లాగితే ఆ గాడిలోనే డొల్లను తెరవడానికి సందు కనిపిస్తుంది. మడత తాళంచెవులకు గుత్తి తగిలించే చివర సందు ఉంటుంది. ఆ సందులో ప్లాస్టిక్ కార్డు అంచు పెట్టి నెమ్మదిగా తిప్పండి. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే అంచు చితికి, ఎంత రంగు వేసినా ఆ గాటు కనిపిస్తూనే ఉంటుంది. ఎంతకీ రాకపోతే బలప్రయోగం చేయకండి. లోగో కింద గాని, బ్యాటరీ మూత కింద గాని చిన్న స్క్రూ ఉందేమో చూడండి. కొన్ని డొల్లలను కంపెనీలోనే అతికించేస్తారు. అటువంటివాటిని విప్పకుండానే మీటలను, సందులను టేపుతో కప్పి రంగు వేయాలి.

తెరిచిన వెంటనే ఫొటో తీసి, సర్క్యూటును, మీటల రబ్బరును, బ్యాటరీని మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది, చాలా మడత తాళంచెవుల్లో సర్క్యూటుకు సంబంధం లేకుండా డొల్ల మూలలో బియ్యపుగింజ కంటె కాస్త పెద్దదైన నల్లని ముక్కో, చిన్న గాజుగొట్టమో ఇరికించి ఉంటుంది. అది ఇమ్మొబిలైజర్ చిప్పు. అది పోతే తలుపులు తెరుచుకుంటాయి గాని ఇంజను స్టార్టు కాదు. డొల్లను కడిగే ముందు దాన్ని తీసి డబ్బాలో పెట్టారో లేదో రెండుసార్లు చూసుకోండి. రెండోది, నాణెం ఆకారపు బ్యాటరీ పసిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం ఉన్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బాను బల్లమీద వదలకండి.

3. జిగట పూతను పూర్తిగా తీయండి. జిగట లేని తాళంచెవి అయితే ఈ మెట్టును ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ముగించవచ్చు. జిగట ఉంటే మాత్రం పనంతా ఇక్కడే ఉంది. బనియను గుడ్డను ఆల్కహాల్‌తో తడిపి, ఒకచోట పది పదిహేను సెకన్లు ఆనించి ఉంచి, తర్వాత ఒకే దిశలో లాగుతూ తుడవండి. అటూ ఇటూ రుద్దితే తీసిన జిగురే మళ్లీ పక్కకు అంటుకుంటుంది. మొదట గుడ్డకు నల్లటి ముద్ద వస్తుంది, తర్వాత బూడిదరంగు చారలు వస్తాయి, చివరకు ఏమీ రాదు. నా తాళంచెవికి గంటకు పైగానే పట్టింది. తొమ్మిది ముక్కలు నల్లబడ్డాక పదో ముక్క తెల్లగా వచ్చింది. మీటల రంధ్రాల చుట్టూ, గుర్తుల గాడుల్లో టూత్‌బ్రష్ వాడండి.

ఆల్కహాల్ నెమ్మదిగా పనిచేస్తోందని గోళ్లరంగు తీసే ద్రవంతో గాని, థిన్నరుతో గాని ప్రయత్నించకండి. ఈ డొల్లలు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఎసిటోన్ దాన్ని కరిగిస్తుంది. ఒక్క తుడుపుతోనే ఉపరితలం మెత్తబడి వేలిముద్రలు శాశ్వతంగా పడిపోతాయి. పెట్రోలు కూడా వద్దు, సన్నని బీటలు రావచ్చు. ఇంట్లో ఉన్న శానిటైజరుతో సరిపెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. చాలా శానిటైజర్లలో చర్మం ఎండిపోకుండా గ్లిసరిన్ కలుపుతారు; అది ప్లాస్టిక్ మీద కనిపించని జిడ్డుగా మిగిలి రంగును పట్టనివ్వదు.

ఎలా పరీక్షించాలి? అయిదు నిమిషాలు గాలికి ఆరనిచ్చి, బొటనవేలిని గట్టిగా ఆనించి ఎత్తండి. వేలు ఏమాత్రం పట్టినట్టు అనిపించినా మళ్లీ తుడవండి.

4. వాటర్ పేపరుతో రుద్దండి. పాత పూత పెచ్చులుగా లేచిన చోట చిన్న మెట్టు ఉంటుంది. రంగు వేస్తే కప్పిపోతుందిలే అనుకోవడం అతి సాధారణమైన పొరపాటు. రంగు ఆ మెట్టును కప్పదు, పైగా ఎత్తి చూపిస్తుంది. 400 నంబరు కాగితాన్ని సబ్బునీటిలో ముంచి, పాత రబ్బరు ముక్కకు చుట్టి, ఆ అంచులను మాత్రమే చుట్టుపక్కల ప్లాస్టిక్‌తో సమానమయ్యేవరకు రుద్దండి. తర్వాత మొత్తం డొల్లను 600తో, చివరగా 800తో రుద్దండి. గుండ్రని మూలల దగ్గర చేయి తేలికగా ఉంచండి, అక్కడ ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది. ఏదైనా లోతైన గాటు ఉంటే ప్లాస్టిక్ పుట్టీ పలుచగా రాసి, ఆరాక 600తో సమం చేయాలి.

కళ్లు మూసుకుని గోరును ఉపరితలం మీద అడ్డంగా నడిపించండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ మెట్టు ఇంకా ఉన్నట్టే. తర్వాత డొల్లను ఆరబెట్టి కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. అంతటా ఒకే రకమైన మందమైన బూడిదరంగు కనిపించాలి; మెరుస్తున్న చుక్కలుంటే అక్కడ కాగితం తగల్లేదని అర్థం.

5. కడిగి, ఆరబెట్టండి. సబ్బునీటితో బ్రష్ పెట్టి కడిగి, మంచినీటిలో రెండుసార్లు జాడించి, ఫ్యాను కింద కనీసం రెండు గంటలు ఉంచండి. సందుల్లో దాగిన ఒక్క నీటిచుక్క స్ప్రే చేస్తున్నప్పుడు జారి వచ్చి పూతంతా చెడగొడుతుంది. ఆపైన చేతి తొడుగులు వేసుకుని, ఆల్కహాల్‌తో చివరిసారి తుడవండి. ఈ క్షణం నుంచి ఉత్త చేయి దానికి తగలకూడదు. ఆవకాయ అన్నం కలిపిన చేతిని సబ్బుతో కడిగినా నూనె వాసన ఎంతసేపు ఉంటుందో మనకు తెలియనిది కాదు. తలకు రాసిన కొబ్బరినూనె, డ్యాష్‌బోర్డు పాలిష్ ఇంకా చెడ్డవి. అవి తగిలిన చోట రంగు నిలవకుండా వెనక్కి జరిగి చిన్న చిన్న గుంటలు పడతాయి.

6. టేపు వేయండి. రెండు డొల్లలు ఒకదానిలో ఒకటి కూర్చునే లోపలి అంచుకు రంగు తగలకూడదు. తగిలితే మూసినప్పుడు సందు మిగులుతుంది. ఆ అంచు చుట్టూ లోపలినుంచి సన్నగా టేపు వేయండి. మడత తాళంచెవిలో లోహపు తాళం దూరే గాడిలోకి కాగితం ఉండ కుక్కండి. లోగో ఊడదీయగలిగితే తీయండి, లేకపోతే దాని మీద టేపు అంటించి, కొత్త బ్లేడుతో అంచు వెంబడి కోసి, అదనపు టేపును తీసేయండి. బ్లేడును నొక్కకుండా టేపు తెగేంత బలమే వాడాలి. గట్టి ప్లాస్టిక్ మీటల మీద తాళం గుర్తులు ముద్రించి ఉంటే వాటికీ రంగు వేయకండి, వేస్తే ఏ మీట దేనిదో ఇంట్లో మిగతావారికి తెలియకుండా పోతుంది.

డొల్ల లోపలి వైపు చీపురుపుల్లను టేపుతో అంటించి పిడిలా చేసుకోండి. పుల్ల రెండో చివరను థర్మాకోల్ ముక్కకు గాని, ఇసుక పోసిన గ్లాసులో గాని గుచ్చవచ్చు.

7. రోజును, గంటను ఎంచుకోండి. మన ఊళ్లలో ఈ పని చెడేది ఎక్కువగా వాతావరణం వల్లే, ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. మొదటిసారి మే నెల మధ్యాహ్నం డాబా మీద రంగు వేశాను. చల్లిన రంగు డొల్లను చేరకముందే గాలిలో ఆరిపోయి, పొడిలా వచ్చి వాలింది. చేయి పెట్టి చూస్తే ఉప్పుకాగితంలా ఉంది. అదంతా రుద్దేసి ఆగస్టులో, వాన వెలిసిన సాయంత్రం మళ్లీ వేశాను. ఈసారి క్లియర్ పూత ఆరుతున్నకొద్దీ పాలు కలిపినట్టు తెల్లగా మసకబారింది. ఆవిరైపోతున్న ద్రావకం ఉపరితలాన్ని చల్లబరచడంతో గాలిలోని తేమ దానిమీద మంచులా పట్టడమే ఇందుకు కారణం.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిపోయి ఎండ కాస్త ఎక్కాక, ఉదయం తొమ్మిది పదకొండు గంటల మధ్య వేయడం అన్నిటికంటె మేలు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మంచు పడుతుండగా వేయకండి. వేసవిలో తప్పనిసరైతే ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య నీడలో ముగించండి. వానాకాలంలో వరుసగా రెండు రోజులు పొడిగా ఉంటేనే చేయండి, ఉతికిన బట్టలు నీడలో త్వరగా ఆరుతున్నాయంటే ఆ రోజు పనికివస్తుంది.

అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి దాని లోపల స్ప్రే చేస్తే గాలివాటానికి రంగు చెదరదు, పక్కింటివారి గోడకూ అంటదు. అరగంట ముందే చుట్టూ నేలమీద కొద్దిగా నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరువత్తి, దోమల చుట్ట ఏదీ వెలుగుతూ ఉండకూడదు. డబ్బాలోని గ్యాసు నిప్పంటుకునే గుణం గలది. తలుపులు మూసిన గదిలో, బాత్‌రూములో ఎన్నడూ చేయవద్దు. మూతికి కట్టుకున్న రుమాలు దుమ్మును కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు.

8. ప్రైమర్ వేయండి. డబ్బా లోపలి గోళీ కదలడం మొదలయ్యాక మరో రెండు నిమిషాలు బాగా ఊపండి. ఇప్పుడు ఆ టీవీ రిమోట్ మూతను తీసుకోండి. అదీ సాధారణంగా ఇదే రకం ప్లాస్టిక్. దాన్ని కూడా ఇలాగే రుద్ది, తుడిచి సిద్ధం చేసుకుని, ప్రతి పూతనూ ముందు దాని మీద వేసి చూశాకే తాళంచెవి మీద వేయండి. చేయి కుదరకపోయినా, రంగులు ఒకదానికొకటి పడకపోయినా ఆ మూత మీదే తెలిసిపోతుంది.

దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. వస్తువు చిన్నది కదా అని డబ్బాను దగ్గరకు తీసుకురావడం వల్లే రంగు కారుతుంది. వస్తువుకు బయట స్ప్రే మొదలుపెట్టి, దాని మీదుగా చేతిని ఆపకుండా దాటించి, అవతల బయటికి వెళ్లాకే డబ్బా మీట వదలాలి. మొదటి పూత మంచు చిలకరించినట్టు ఉండాలి. కింది ప్లాస్టిక్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, కంగారుపడి మళ్లీ చల్లకండి. పది నిమిషాలు ఆగి రెండో పూత. ప్రైమరుకు రెండు పూతలు చాలు. ఆరాక చేయికి గరుకుగా తగిలితే 800 కాగితంతో రెండు మూడుసార్లు తేలికగా తాకించి, పొడిగుడ్డతో పొడి దులపండి.

9. రంగు వేయండి. పద్ధతి అదే. మూడు పలుచని పూతలు, ఒక్కొక్కదానికీ పది నిమిషాల ఎడం. ప్రతి పూతకూ డొల్లను పావుభాగం తిప్పితే అంచులకు సమానంగా అందుతుంది. మీటల రంధ్రాల అంచుల్లో రంగు పేరుకోకుండా చూడటం మిగతా అన్నిటికంటె ముఖ్యం. అక్కడ మందం పెరిగితే రంధ్రం ఇరుకై, నొక్కిన మీట పైకి రాకుండా ఇరుక్కుపోతుంది. రిమోట్ ఆగకుండా పనిచేస్తూనే ఉండి బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

డబ్బా మీద రెండో పూతకు ఇచ్చిన గడువును తప్పక చదవండి. కొన్ని ఎనామిల్ రంగులకు గంటలోపు గాని, లేదా ఒకటి రెండు రోజులు ఆగాక గాని మాత్రమే తర్వాతి పూత వేయాలి. మధ్యలో వేస్తే కిందిపూత సగం ఆరి ఉండి, పైపూతలోని ద్రావకానికి పొంగి, పాలమీది మీగడలా ముడతలు పడుతుంది.

10. క్లియర్ వేయండి. తాళంచెవిని గీతల నుంచి, చెమట నుంచి కాపాడేది ఇదే. మెరుపు లేని నలుపు కోరుకుంటే మెరుపు లేని క్లియరే కొనాలి, మామూలు క్లియర్ వేస్తే మెరుపు వచ్చేస్తుంది. మూడు పూతలు వేయండి. మొదటి రెండూ పలుచగా, మూడోది కాస్త తడిగా కనిపించేంత నిండుగా ఉండాలి.

అన్నిటికంటె గట్టి క్లియర్ 2కె రకం, అంటే గట్టిపరిచే ద్రవం విడిగా కలిపేది. అందులోని ఐసోసయనేట్ల ఆవిరి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది, ఆస్తమా తెప్పించగలదు; సరైన మాస్కు, గాలి ఏర్పాటు లేకుండా ఇంట్లో దాన్ని వాడమని నేను చెప్పను. దానికి బదులు మరో దారి ఉంది. ప్రైమరు, రంగు ఇంట్లో పూర్తిచేసి, ఆరిన డొల్లలను పుల్లతో సహా తీసుకెళ్లి, ఆటోనగర్‌లో కార్లకు పెయింటింగ్ చేసే షెడ్డులో ఇవ్వండి. ఏ కారుకైనా క్లియర్ కొడుతున్నప్పుడు దీనికీ కొట్టమని అడిగితే చిన్న పని కనుక సాధారణంగా కాదనరు. ఏ రకం రంగు మీద వేస్తున్నారో ముందే వారికి చెప్పండి.

చివరి పూత తర్వాత అరగంటకు, రంగు చేతికి అంటకుండా ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు వెంట రంగు కూడా లేచి వస్తుంది.

11. ఆరనివ్వండి. 24 గంటలు ముట్టుకోకండి. నీడలో, గాలి ఆడేచోట, దుమ్ము పడకుండా పైన అట్టపెట్టె బోర్లించి కాస్త సందు ఉంచండి. త్వరగా ఆరుతుందని ఎండలోనో, కారు డ్యాష్‌బోర్డు మీదనో పెడితే పైపొర ముందుగా గట్టిపడి, లోపల చిక్కుకున్న ద్రావకం బుడగలై పొంగుతుంది. హెయిర్ డ్రయ్యరు దగ్గరగా పెట్టినా అంతే. చేతికి ఆరినట్టు తగలడం వేరు, గట్టిపడటం వేరు. ఏడు రోజులు ఆగండి. ముక్కుకు దగ్గరగా పెట్టి వాసన చూడండి. రంగు వాసన గట్టిగా వస్తున్నంతకాలం ద్రావకం ఇంకా బయటికి పోతూనే ఉందని లెక్క.

12. పరీక్షించి, బిగించండి. ముందు పరీక్ష టీవీ రిమోట్ మూత మీద. బ్లేడుతో ఒక మిల్లీమీటరు ఎడంగా అయిదారు నిలువుగీతలు, వాటిమీద అడ్డగీతలు గీసి, అతుకు టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు అలాగే ఉంటే తాళంచెవి మీది పూత కూడా నిలుస్తుంది. గళ్లు రాలిపోతే జిడ్డు గాని, ప్రైమరు గాని ఎక్కడో తప్పింది. బిగించకముందే తెలిసింది కనుక రుద్దేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. తర్వాత డొల్ల లోపలి మూలలో గోటితో నొక్కి చూడండి, నొక్కు పడకూడదు.

బిగించేటప్పుడు తీసిన వరుసకు ఎదురు వరుసలో వెళ్లండి. చిప్పును దాని మూలలో పెట్టండి, మీటల రబ్బరును పరచండి, సర్క్యూటు పెట్టండి. డొల్ల విప్పే ఉంది కనుక బ్యాటరీ మార్చేయడం మంచిది. చాలా తాళంచెవుల్లో సీఆర్ 2032 ఉంటుంది, అయినా పాతదాని మీది నంబరు చూసే కొనండి. 2025 కూడా అదే వెడల్పు ఉంటుంది గాని అర మిల్లీమీటరుకు పైగా పలుచన, 2032 స్థానంలో పెడితే వదులై అప్పుడప్పుడు పనిచేయడం మానేస్తుంది. రెండు డొల్లలను కలిపి చుట్టూ నొక్కితే టక్కుమనే శబ్దాలు వినిపించాలి. సందు మిగిలితే గట్టిగా నొక్కకండి. అంచుమీద రంగు పేరుకుని ఉంటుంది, విప్పి బ్లేడుతో గీకండి.

ప్రతి మీటనూ ఇరవైసార్లు నొక్కండి, ప్రతిసారీ పైకి రావాలి. కారు దగ్గరకు వెళ్లి లాక్ చేసి, తెరిచి, ఇంజను స్టార్టు చేసి చూడండి. తర్వాత మొదట రాసుకున్న అడుగుల లెక్క తీసి అదే చోట నుంచి మళ్లీ నడవండి. పాత దూరానికి దగ్గరగా వస్తే పని పూర్తయినట్టే. బాగా తగ్గితే ముందు బ్యాటరీ సరిగా కూర్చుందో లేదో చూడండి, సాధారణంగా తప్పు అక్కడే ఉంటుంది.

చెడితే ఏం చేయాలి?

రంగు కారి చార కడితే తడిగా ఉన్నప్పుడు వేలు పెట్టకండి, గుడ్డతో తుడవకండి. మరుసటి రోజు 800 కాగితంతో తడిగా రుద్ది, ఆ వైపు మాత్రం మళ్లీ రంగు వేయండి. పూత బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే డబ్బాను మరీ దూరంగా పట్టారు లేదా వేడిలో వేశారు. 800తో రుద్ది మరో పూత వేస్తే సరిపోతుంది. క్లియర్ తెల్లగా మసకబారితే కంగారుపడకండి. త్వరగా ఆరే ఆక్రిలిక్ రకమైతే, గాలి పొడిగా ఉన్న రోజున అదే క్లియరును పలుచగా ఒక పూత వేసినప్పుడు కిందిపొర కరిగి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, చాలాసార్లు మసక విడిపోతుంది. చిన్న గుండ్రని గుంటలు పడితే మాత్రం కింద జిడ్డు ఉంది, పైనుంచి ఎన్ని పూతలు వేసినా అవి పోవు. ప్లాస్టిక్ వరకు రుద్ది, అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. పూత పొరలా, అరటిపండు తొక్కలా లేచివస్తే ప్రైమరు ప్లాస్టిక్‌ను పట్టలేదని అర్థం. అప్పుడు అతుకులు వేయకుండా మొత్తం తీసేయండి.

మిగిలిన స్ప్రే డబ్బాలను తలకిందులుగా పట్టి, రంగు ఆగి ఉత్త గ్యాసు వచ్చేవరకు రెండు మూడు సెకన్లు నొక్కితే నాజిల్ మూసుకుపోదు. వాటిని ఎండ తగలని చోట దాచండి, కారు డిక్కీలో వదలవద్దు. 50 డిగ్రీలు దాటే వేడికి గురిచేయకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది, మన వేసవిలో మూసిన కారు లోపల అంతకంటె ఎక్కువే కాగుతుంది. ఆల్కహాల్ గుడ్డలను ఆరుబయట ఆరబెట్టాకే చెత్తలో వేయండి. పాత బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

సిలికాన్ తొడుగు వేసుకునే అలవాటు ఉంటే, ఏడు రోజులు నిండాక మరో వారం ఆగి వేయండి. పూర్తిగా గట్టిపడని పూత తొడుగు లోపల గాలి ఆడక మెత్తగానే ఉండిపోతుంది, తొడుగు తీసిన రోజున దాని లోపలి గీతలన్నీ పూత మీద అచ్చుపడి కనిపిస్తాయి.